వాడుక తప్పిన ఫోటో కాగితములు

ఛాయాచిత్రములను గూర్చి ముచ్చటించునపుడు మనము సామాన్యముగా కెమేరాను ప్రశంసింతుము. చిత్రము తీసినవాని నేర్పును మెచ్చుకొందుము. ఆ చిత్రము దేనిపై నిలిచియున్నదో ఆ కాగితమును మాత్రము తలపము. గోడమీది పటమును చూచి అందలి తాతగారిని గుర్తింతుమే కాని, తాతగారి ముఖచ్ఛాయను అన్ని యేండ్లు మోసికొనివచ్చిన కాగిత మెట్టిదని యెవ్వరును అడుగరు. ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. కాని యీ కాగితముల చరిత్రను పరిశీలించినచో, ఒక వస్తువు అంగడిలో దొరకకుండ పోయినపుడు దానితో కూడ ఎంత విద్య పోవునో, పోయినదానిలో ఎంత మరల నిలువబెట్టుకొనవచ్చునో తెలియగలదు. ఆ చరిత్రను సంగ్రహముగా విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఫోటో యనగా రెండు సగముల కూడిక. 1839వ సంవత్సరమున ఇంగ్లాండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బటు తన పద్ధతిని లోకమునకు ప్రకటించెను. 1841లో దానిని మెఱుగుపఱచి కేలోటైపు అను పేర పేటెంటు పొందెను. ఫ్రాన్సులో 1839లోనే వెలువడిన డాగేరు పద్ధతియందు వెండిరేకుపై ఒక్క చిత్రమే యేర్పడును. దానికి ప్రతి లేదు. టాల్బటు పద్ధతియందో, వెలుగు నల్లగను నీడ తెల్లగను తాఱుమాఱైన నెగటివు మొదట నేర్పడును. దాని క్రింద మఱియొక కాగితము నుంచి వెలుతురు సోకించినచో ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. కావున నెగటివు తనంతట తాను చిత్రము గాదు. పద్యము వ్రాసిపెట్టినంతనే పాట కాదు గదా! దానిని పాడు గొంతు కావలయును. నెగటివునకు ఆ గొంతు కాగితము.

ఆ గొంతు కాలక్రమమున పలువిధముల మాఱినది. మొదటివారు మంచి కాగితమును ఉప్పునీట తడిపి ఆరవేసి, దానిపై వెండి నైట్రేటు ద్రవమును పూసి, తమ కాగితమును తామే చేసికొనుచుండిరి. 1850లో ఫ్రాన్సువాడగు బ్లాంకార్ ఎవ్రార్ కోడిగ్రుడ్డు తెల్లసొనను కాగితముపై పూయు పద్ధతిని ప్రకటించెను. ఆ నునుపునకు, ఆ గోధుమవన్నెకు లోకము వశమై, ఆ శతాబ్దము ముగియువఱకును దానినే ఆదరించెను. హైదరాబాదులో ఆఱవ నిజాముకొలువున ప్రసిద్ధికెక్కిన రాజా దీనదయాళు తీసిన దర్బారుల, కోటల చిత్రములు పెక్కు ఈ గ్రుడ్డుసొన కాగితముపై అచ్చొత్తినవే. పిమ్మట తెల్లసొనకు బదులు జిలాటిను వచ్చెను. ఎండలో తనంతట నల్లబడు జిలాటిను కాగితములు స్టూడియోలలో వ్యాపించెను. ఇవి యన్నియు వెలుతురుననే చిత్రమును పూర్తిగా చూపునవి. వీనికి డెవలపరుతో పని లేదు. వీనిని ఎండకాగితము లందము.

రెండవ జాతి కాగితములు వేఱు. వానిపై వెలుతురు క్షణకాలము సోకినను పైకి ఏమియు కనబడదు. డెవలపరులో కడిగినపుడే రూపము బయలుపడును. లియో బేక్లండు అను బెల్జియందేశీయుడు అమెరికాలో 1893 నాటికి వెలాక్సు అను కాగితమును చేసి విక్రయించెను. ఆ కాలపు గ్యాసుదీపపు వెలుతురున ముద్రింప వీలగుటచేత ఇట్టివానికి గ్యాసుదీపపు కాగితములని పేరు వచ్చెను. 1899లో ఈస్ట్‌మన్ కంపెనీ ఆయన వ్యాపారమును కొనివేసెను. బేక్లైటు కనిపెట్టిన బేక్లండు ఈతడే. ఇంతకంటెను చుఱుకైన బ్రోమైడు కాగితములు వ్యాపించి, చిన్న నెగటివునుండి పెద్ద పటము తీయుట సులభ మయ్యెను. మన యూళ్లలో ఫోటోలు కడిగించుట యను మాట పుట్టినది ఈ జాతి కాగితమువలననే.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఎండకాగితమునకు ఒక స్వభావము కలదు. నెగటివులో పలుచగా నున్న చోట్ల క్రింది కాగితము త్వరగా నల్లబడును. అట్లు నల్లబడిన పొరయే లోపలి వెండికి గొడుగువలె అడ్డువచ్చి ఆపై నల్లబడుటను మందగింపజేయును. ఆలోపల నెగటివులోని దట్టమైన భాగములగుండ వెలుతురు మెల్లమెల్లగా దిగి, తెల్లని రవికెమీది కుట్టుపనినిగూడ చూపించును. అందుచేత ఆనాటి ఫోటోగ్రాఫర్లు తమ నెగటివులను మిక్కిలి దట్టముగా, వెలుగునీడల అంతరము హెచ్చుగా కడిగెడివారు. అది వారి పొరపాటు కాదు. తమ కాగితమునకు తగినట్లు చేసికొన్న లెక్క. అట్టి నెగటివును నేటి బ్రోమైడు కాగితముపై ముద్రించినచో, నీడలు బొగ్గువలె మూసికొనిపోవును, వెలుగులు సున్నము కొట్టినట్లు తేలిపోవును. చూచినవారు ఆ పాత ఫోటోగ్రాఫరు మోటువాడనుకొందురు. తప్పు నెగటివుది గాదు. దాని జతకాగితము లేకపోవుటయే లోపము.

దీనికి నిదర్శనముగా ఒక చరిత్ర కలదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు పట్టణమున ఎర్నెస్టు బెలాకు అను సామాన్య వృత్తిఫోటోగ్రాఫరు ఉండెడివాడు. అతడు సుమారు 1912 ప్రాంతమున ఆ పట్టణపు వేశ్యావాటికయగు స్టోరీవిల్లులోని స్త్రీలను గాజుపలకలపై చిత్రించెను. 1949లో అతడు మరణించిన పిమ్మట ఆ పలకలు బయటపడెను. 1966లో లీ ఫ్రీడ్‌లాండరు అను ఛాయాచిత్రకారుడు వానిని కొనెను. అతడు మొదట వాడుకలోనున్న కాగితములపై ముద్రింపజూచెను. అవి ఆ పలకలకు సరిపడలేదు. శతాబ్దారంభమున వాడుకలోనుండిన ఎండకాగితమే దీనికి తగినదని గ్రహించి, దానిపై ముద్రించి, బంగారు లవణముతో వన్నెదీర్చెను. ఒక్కొక్క పలకకు నీడపట్టు వెలుతురున మూడు గంటలు మొదలు ఏడు దినములవఱకు పట్టినదని అతడే చెప్పియున్నాడు. 1970లో న్యూయార్కు ఆధునిక కళామ్యూజియమున ఆ ముద్రలు ప్రదర్శితము లైనపుడు, లోకము హీనముగా చూచిన ఆ స్త్రీలు తమ గదులలో, తమ కుక్కపిల్లలతో, తమకు నచ్చిన దుస్తులతో, ఒకరి దయను కోరక నిలిచియున్నట్లు కనబడిరి. వారి ముఖములందలి ఆ మెత్తని ఛాయలన్నియు ఏబదియేండ్లకు పైగా గాజులోనే యున్నవి. బయటికి వచ్చుటకు తగిన కాగితముకొఱకు వేచియుండెను, అంతియే.

పారిసు వీధుల చిత్రకారుడగు యూజీన్ అట్జే విషయమున గూడ ఇట్లే జరిగెను. ఆయన 1927లో మరణించెను. 1928లో బెరెనిస్ ఆబట్ అను వనిత ఆయన గాజుపలకలను, ముద్రలను సంపాదించి కాపాడెను. 1968లో అవి న్యూయార్కు మ్యూజియమునకు చేరెను. ఆ పలకలనుండి క్రొత్తముద్రలు కావలసివచ్చినపుడు ఆ పనిని షికాగో ఆల్బ్యుమెన్ వర్క్స్ అను సంస్థ పూని, ఎండకాగితముపైననే వానిని ముద్రించెను. కోడాకు కంపెనీవారి ఎండకాగితము విక్రయము ఆగిపోయినపిమ్మట ఆ సంస్థవారు అట్టి కాగితమును వేఱొకచోట తయారుచేయించి కొంతకాలము విక్రయించిరి. తుదకు అదియును నిలిచిపోయెను.

కాగితములు ఏల నిలిచిపోవునని అడుగుదుము. కారణములు పలువిధములు, అన్నియు దుష్టములు కావు. ఒకటి యుద్ధము. 1873లో విలియం విల్లిస్ పేటెంటు పొందిన ప్లాటినం పద్ధతి ముద్రలలోకెల్ల శాశ్వతమును సుకుమారమును అయినది. మొదటి ప్రపంచయుద్ధమున ప్రేలుడుమందులకు కావలసిన ఆమ్లముల తయారీకి ప్లాటినము అవసరమగుటచేత దాని వెల విపరీతముగా పెరిగి కాగితము దుర్లభ మయ్యెను. ఆంగ్లేయ దేవాలయముల వెలుగును చిత్రించిన ఫ్రెడరిక్ ఎవాన్సు వేఱుకాగితముపై ముద్రించుట కిష్టపడక, ఛాయాగ్రహణమునే విరమించెను. గొంతు పోయినందున గాయకుడే మౌనము వహించెనన్నమాట.

రెండవ కారణము ప్రజారోగ్యము. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున పేరుపొందిన కొన్ని కాగితముల వెచ్చనివన్నెకు కాడ్మియం లవణము ఆధారము. అది విషము, కర్మాగారమున పనిచేయువారికిని నదీజలములకును హానికరము. దానిని తొలగించుట న్యాయమే. పోయిన వన్నెకొఱకు విచారింపవచ్చును గాని, ఆ విషము తిరిగి రావలెనని కోరరాదు.

మూడవది వ్యాపారము. డిజిటలు కెమేరాలు వ్యాపించినపిమ్మట కాగితపు కంపెనీలు ఒకదానివెంట నొకటి కూలెను. 2004లో ఇంగ్లాండులోని ఇల్‌ఫర్డు ఋణదాతల పాలయ్యెను. అందలి నిర్వాహకులే 2005లో దానిని కొని నిలువబెట్టిరి. 2005లో జర్మనీలోని ఆగ్ఫాఫోటో దివాలా తీసెను. ఆ యేడే కోడాకు కంపెనీ నలుపుతెలుపు కాగితముల తయారీని విరమింతునని ప్రకటించెను. నూఱేండ్లనాటి అజో కాగితము దానితో పోయెను. 2007లో హంగరీలోని ఫోర్టే కర్మాగారము మూతపడెను. మన దేశముమాట వేఱుగా లేదు. నీలగిరులలో ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిలింసు కంపెనీ, ఫ్రెంచి బోషే కంపెనీవారి సాంకేతిక సహాయముతో 1967లో తయారీ మొదలుపెట్టెను. ఇందు అను పేరు గల వారి ఫిలుములు, ఎక్సురే రేకులు, బ్రోమైడు కాగితములు దేశమంతట వ్యాపించెను. ప్రభుత్వరంగపు ఈ కర్మాగారము క్రమముగా నష్టముల పాలై, 2014లో మూసివేతకు కేంద్రమంత్రివర్గము అంగీకరించుటతో కథ ముగిసెను.

ఇట్లు నిలిచిపోయిన కాగితముల పెట్టెలు స్టూడియోల అటకలమీద, మూసిన దుకాణముల బీరువాలలో ఇంకను మిగిలియుండును. వానిని ఇప్పుడు వాడవచ్చునా? కొంతవఱకు వాడవచ్చును. కాని వాని జబ్బు తెలిసికొని వైద్యము చేయవలెను.

కాగితముపై జిలాటినులో ఇమిడియున్న వెండిలవణపు రేణువులు కాలము గడచినకొలది, వేడిమి తేమలవలన, వెలుతురు సోకకయే సోకినట్లు పాడగును. అట్టి కాగితమును డెవలపరులో వేసినచో చిత్రము లేని చోటులుగూడ బూడిదవన్నె తాల్చును. దీనినే మసక యందురు. దానితోపాటు కాగితపు చుఱుకుదనము తగ్గును. వెలుగునీడల అంతరము సన్నగిల్లును. అంచులనుండి మసక లోనికి ప్రాకును. కావున పెట్టెలో నడుమనున్న కాగితములు పైవానికంటె మేలు. మన కోస్తాజిల్లాల ఉక్కలో అటకమీద నున్న పెట్టెకంటె, చల్లని దేశమున నేలమాళిగలో నున్న పెట్టె ఎక్కువకాలము బ్రతుకును. అన్ని కాగితములు సమానము గావు. అజోవంటి క్లోరైడు కాగితములు దీర్ఘాయువు గలవి. అర్ధశతాబ్దము గడచినను మంచి ముద్రల నిచ్చుట కలదు. డెవలపరును తమ పొరలోనే ఇముడ్చుకొన్న తరువాతికాలపు ప్లాస్టికుపూత కాగితములు త్వరగా చెడును.

పరీక్ష సులభము. చీకటిగదిలో ఎఱ్ఱదీపము క్రింద, వెలుతురు సోకని కాగితమునుండి రెండు ముక్కలు కత్తిరింపవలెను. ఒకదానిని డెవలపరులో ముంచి పిదప హైపోలో వేయవలెను. రెండవదానిని డెవలపరు లేకుండ నేరుగా హైపోలో వేయవలెను. రెండవది ఆ కాగితపు నిజమైన తెలుపు. మొదటిది దానికంటె ఎంత బూడిదగా నున్నదో అంత మసక యున్నదని అర్థము. మసక స్వల్పమైనచో డెవలపరులో బెంజోట్రయజోలు ద్రావకమును కొద్దికొద్దిగా చేర్చి దానిని అణపవచ్చును. పొటాసియం బ్రోమైడు కూడ ఆ పని చేయును గాని వన్నెను కొంచెము వెచ్చబఱచును. ఇందుకు ప్రతిఫలముగా కాగితము ఎక్కువ వెలుతురును కోరును. ముద్ర ముగిసినపిమ్మట మిగిలిన మసకను పలుచని పొటాసియం ఫెర్రిసయనైడు ద్రావకముతో కడిగివేయుట మఱియొక ఉపాయము. ఇందు చేయి తొందరపడినచో వెలుగుభాగములలోని వివరములుకూడ కొట్టుకొనిపోవును. అంచులు చెడినచో కత్తిరించి లోపలిభాగమును వాడుకొనవలెను.

లిథ్ అను పద్ధతి వేఱొకటి కలదు. ముద్రకు మిక్కిలిగా వెలుతురు నిచ్చి, హైడ్రోక్వినోనుగల లిథ్ డెవలపరును బాగుగ పలుచనచేసి అందులో చాలసేపు కదుపవలెను. మొదట చాలసేపు ఏమియు జరుగనట్లుండును. తరువాత నీడలయందు నలుపు అంటువ్యాధివలె ఒక రేణువునుండి మఱియొక రేణువునకు వ్యాపించును. సరియైన క్షణమున కాగితమును బయటికి తీయవలెను. నీడలు గరుకుగా నల్లనై, వెలుగులు లేతనారింజ, గులాబి ఛాయలు తాల్చును. ఈ పనికి పాతకాలపు వెచ్చనికాగితములే ప్రశస్తములని పలువురు ముద్రకుల అనుభవము.

ఇక మందులకు లొంగని కాగితముల మాట యేమి? అమెరికాలో ఆలిసన్ రాసిటరు అను కళాకారిణి 2007లో కొన్న పాతసరకులో 1946తో గడువుతీరిన కోడాకు కాగితపు పెట్టె యొకటి యుండెను. దానిని కడిగి చూడగా నెగటివు లేకయే కాగితముపై పెన్సిలు గీతలవంటి ఛాయ లేర్పడెను. అది మొదలుకొని ఆమె నూఱేండ్లకు పైబడిన కాగితములనుగూడ సేకరించి, డెవలపరు తప్ప వేఱు సాయము లేక వానిని కడుగుచు, తేమ ప్రాకిన మచ్చలు, వ్రేలిముద్రలు, అంచుల నలుపు మున్నగువానినే చిత్రములుగా చూపెను. కాగితము తాను గడపిన కాలమును తానే చెప్పుకొన్నట్లున్నవి ఆ చిత్రములు.

ఇంత శ్రమ ఏల, గాజుపలకను స్కానరుపై నుంచి కంప్యూటరులో ఛాయలు సరిదిద్దుకొనరాదా అని కొందఱు అడుగుదురు. చక్కని ప్రశ్నయే. ప్రతులు వ్యాపింపజేయుటకు, పగిలిపోవు పలకలోని విషయమును కాపాడుటకు స్కానరు మేలు; దానిని నిరసించుట మూఢత్వము. కాని పలకలో ఎంత యున్నదో, ఆనాటి ముద్రకుడు ఏమి చూడగోరెనో తెలిసికొనుటకు జతకాగితముపై తీసిన ముద్ర ఒక్కటైనను ఎదుట నుండవలెను. అది లేనిచో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు నేటి అభిరుచితో ఛాయలు దిద్ది, ఇదియే పూర్వుల చిత్రమని మనకు చూపును, మనము నమ్ముదుము. మూలము చూడని పండితుడు వ్యాఖ్యానము వ్రాసినట్లుండును.

మఱియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. పాతపెట్టెలు ఎన్ని యున్నను ఒకనాటికి అయిపోవును గదా! నిజము. ఉన్న పెట్టెలను దాచుకొని, వెలలు పెంచుకొని, పూజించుటవలన విద్య నిలువదు. మఱి దేనివలన నిలుచును? అజో పోయినపుడు దానిని ప్రేమించిన మైకేల్ స్మిత్, పాలా చామ్లీ అను దంపతులు విచారించి యూరకుండలేదు. అట్టి క్లోరైడు కాగితమును వేఱుచోట చేయించి లోడిమా యను పేర విక్రయించిరి. అమిడోలు అను డెవలపరు పేరును వెనుకనుండి చదివినచో ఆ పేరగును. ఆగ్ఫా కూలినపిమ్మట ఆడాక్సు అను జర్మను సంస్థ ఆగ్ఫావారి కాగితపు సూత్రము నాధారము చేసికొని మరల కాగితమును బయటికి తెచ్చెను. ఈ ప్రయత్నములు చిన్నవి, ఆటంకములు పెక్కు. ఐనను ఇవి తెలుపు నీతి యొకటే: చేయు నేర్పు తెలిసినవాడు బ్రతికియున్నచో వస్తువు మరల పుట్టవచ్చును, ఆ నేర్పు పోయినచో పెట్టెనిండ వస్తువున్నను అది శేషము మాత్రమే.

టాల్బటు నాటి ఉప్పుకాగితమునకు ఏ కంపెనీయు అక్కఱలేదు. మంచి కాగితము, ఉప్పు, వెండి నైట్రేటు, ఎండ, హైపో ఉన్నచో నేటికిని ఎవరైనను చేసికొనవచ్చును. దట్టమైన పాత గాజుపలకలకు అదియు తగిన కాగితమే. మన కళాశాలలలో రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు వెండిలవణముల గుణములను పరీక్షలకై వల్లెవేయుదురు గాని, వారిలో ఎందఱు తమ చేతితో ఒక కాగితము పూసి తమ యూరి గుడిగోపురమును దానిపై ముద్రించి చూచిరి? ఆ యొక్క అభ్యాసము వలన శాస్త్రము, కళ, చరిత్ర మూడును ఒక్కచోట బోధపడును. వెండి నైట్రేటు చర్మమును నల్లబఱచును, కంటికి ప్రమాదకరము. కావున చేతితొడుగులు, కంటద్దములు ధరించి అధ్యాపకుని యెదుట చేయవలెను.

ఇక స్టూడియోల వారసులకు ఒక మనవి. తండ్రితాతల స్టూడియో మూసివేయునపుడు గాజుపలకలను గీకి కిటికీలకు అమర్చుకొనకుడు. ఫిలుముకట్టలను పాతసామానుల వానికి వేయకుడు. వానిలో మీ యూరి పెండ్లిండ్లు, బడులు, వీధులు, నేడు పేరుకూడ తెలియని మనుష్యుల ముఖములు కలవు. కాగితపు పెట్టె దొరకినచో ఏమున్నదో చూతమని పగటివెలుతురున విప్పకుడు. విప్పిన క్షణముననే అది చెడును. పెట్టెమీది పేరు, గడువు వ్రాసియుంచి, చల్లని పొడిచోట నుంచి, చీకటిగది పని తెలిసినవారి కిండు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పని చేసిన పెద్దలు జీవించియున్నచో వారియొద్ద కూర్చుండి, ఏ కాగితమునకు ఏ నెగటివు ఎట్లు కడిగెడివారో అడిగి వ్రాసికొనుడు. పెట్టెలోని కాగితము ఎట్లును ఒకనాటి కయిపోవును. వారు చెప్పిన మాట వ్రాసియున్నచో, ఆ పిమ్మట కాగితము పూయబోవువాడు మొదటినుండి మొదలిడవలసిన పని యుండదు.